ఊదుడు సంఘం పుట్టిన గొయ్యి

వరద నీళ్లు కలప అడితి గేటు గొళ్లెం దాకా వచ్చిన ఏడాది అది. అంతకు ముందొకసారి గడప దాకా వచ్చాయి గానీ దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. గొళ్లెం దాకా వచ్చిన వరదను మాత్రం ఆ ఊళ్లో ఇప్పటికీ లెక్కపెడతారు. పిల్లల వయసులూ, ఇళ్ల వయసులూ, కొన్ని పాత తగాదాల వయసులూ దాని నుంచే మొదలు. దూలం తాగుడు మానిన లెక్క కూడా అక్కడి నుంచే.

దూలం అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మనిషి నిట్టనిలువుగా, వంగడం ఎవరూ నేర్పనట్టు ఉండేవాడు కాబట్టి అడితిలో ఆ పేరు పడింది. అతను ఇద్దరు లాగే పెద్ద రంపానికి పైమనిషి. ఆ రోజుల్లో అక్కడ మోటారు రంపం లేదు. నేలలో ఆరడుగుల గొయ్యి ఉండేది. గోతి మీద అడ్డంగా దుంగ పడేసేవాళ్లు. దుంగ మీద ఒకడు, గోతిలో ఒకడు నిలబడితే, నిలువెత్తు రంపం ఇద్దరి మధ్యా పైకీ కిందికీ ఆడేది. పైవాడు గీత చూస్తాడు, కిందివాడు బలంగా లాగుతాడు. రంపపు పొట్టంతా కిందివాడి నెత్తిన పడుతుంది.

గీత అంటే, మసి పూసిన తాడును దుంగ మీద బిగించి, లాగి వదిలితే పడే నల్లటి చార. కోత మొదలైతే పొట్టు పడి చార కనపడదు. చేత్తో తుడిస్తే మసి చెరిగిపోతుంది. అందుకని వంగి నోటితో ఊదాలి. ఈ ఊదడం సంగతి గుర్తుంచుకోవాలి. మిగతాదంతా దాని నుంచే వచ్చింది.

వరద వచ్చిన మధ్యాహ్నం దూలానికి అప్పగించిన పని ఒక్కటే. బయట పేర్చిన దుంగలకు గొలుసు వేయడం. అతను గొలుసు తీసుకున్నాడు, సీసా కూడా తీసుకున్నాడు. సగం గొలుసు వేశాడు, సీసా మాత్రం మొత్తం పూర్తి చేద్దామని పెద్ద దుంగ మీద నడుం వాల్చాడు. నీళ్లు వచ్చి దుంగల్ని ఎత్తుకుపోయాయి. వాటితో పాటు అతనూ పోయాడు. మూడో ఊరి దగ్గర పడవవాళ్లు కొక్కెం వేసి దుంగను ఒడ్డుకు లాగితే, దాని మీద మనిషి లేచి కూర్చుని, "అగ్గిపెట్టె ఉందా?" అని అడిగాడట.

ఇక్కడ అతని భార్య రెండు రోజులు గుండెలు బాదుకుని ఏడ్చింది. మూడో రోజు పొద్దున అతను నడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో జనాన్ని చూసి, "ఎవరు పోయారు?" అని అడిగాడు. భార్య లేచింది. చెంప మీద ఒక్కటి పీకింది. తర్వాత ట్రంకు పెట్టె సర్దుకుంది.

"రెండు రోజులు ఏడ్చానయ్యా నీ కోసం! గొంతు పోయింది. ఆ ఏడుపు నాకెవరు తిరిగిస్తారు?" అంది. "వచ్చే ఏడు ఇదే తేదీ దాకా చుక్క ముట్టకుండా ఉంటే వస్తాను. ముట్టావా, నువ్వు దుంగతోనే పోయావనుకుంటాను. ఏడవడం ఎలాగూ అయిపోయింది."

పెట్టె ఎత్తుకుని రెండు వీధుల అవతల ఉన్న అన్నగారింటికి వెళ్లిపోయింది. ఆ రెండు వీధులు దాటడం దూలానికి నది దాటడం కన్నా కష్టమైంది. ఎందుకంటే ఏడాది మాట అటుంచి, అతను అంతకు ముందు ఎప్పుడూ వరసగా నాలుగు రోజులు మానింది లేదు.

పైగా అతనికి ఇంకో జబ్బు ఉండేది. తాగితే పక్కవాడికి నీతులు చెప్పేవాడు. గ్లాసు చేత్తో పట్టుకునే, "ఒరేయ్ అబ్బాయ్, తాగకురా, సంసారం పాడవుతుంది" అని గంటలకొద్దీ చెప్పేవాడు. అతని నోటికి జడిసి ఇద్దరు ముగ్గురు నిజంగానే ఆ సారా కొట్టుకి రావడం మానుకున్నారు. అతను మాత్రం మానలేదు.

అడితి అమ్మగారు కబురు చేసింది. భర్త పోయినప్పటి నుంచి అడితి ఆవిడే నడుపుతోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారవిడిచి దాని పైనుంచి చూస్తుంది. ఆ చూపుకి బండివాళ్లు కూడా చుట్టలు ఆర్పేసేవాళ్లు.

"ఎన్ని దుంగలు పోయాయిరా?"

"పదకొండు, అమ్మగారూ."

"పన్నెండు. పన్నెండోది తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది."

దూలం వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టాడు.

"పనిలోంచి తీసేద్దామనుకున్నాను," అంది ఆవిడ. "కానీ ఒక అవసరం వచ్చిపడింది. రేపటి నుంచి గోతిలోకి కొత్తవాడు వస్తున్నాడు. చెయ్యి మంచిది. మనిషి తాగుబోతు."

"అయ్యో," అన్నాడు దూలం, నిజంగానే జాలిపడి.

"వాణ్ణి తాగనివ్వకుండా చూసుకోవడం నీ పని. ఎక్కడ దాస్తారో, ఎలా బొంకుతారో, అన్నీ నీకు తెలుసు. నాకేం తెలుస్తాయి? రోజూ పొద్దున వాడి నోరు వాసన చూడు. వాడు తాగి దొరికాడా, పోయేది నీ పని. ఇంకో మాట. ఈ సంగతి వాడికి తెలియకూడదు. సిగ్గుపడి పారిపోతాడు."

దూలం బయటికి వచ్చేసరికి ఒక అంగుళం పొడుగు పెరిగాడు. పుట్టి బుద్ధెరిగాక అతని మీద నమ్మకంతో ఎవరైనా ఒక మనిషిని అప్పగించడం అదే మొదటిసారి.

కొత్తవాడు గుండ్రంగా, పొట్టిగా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టు ఉండేవాడు. వారం తిరక్కుండా కనురెప్పల దాకా పొట్టు అంటుకుని, అదే పేరుగా నిలిచిపోయింది. పొట్టు వచ్చిన మొదటి పొద్దునే దూలానికి ఒక చిక్కు ఎదురైంది. తోటి పనివాడి నోరు వాసన చూడడం ఎలా? ముద్దుపెట్టుకునేవాడిలా మొహం మీదికి పోతే తన్నులు తప్పవు. దూలం దుంగకి ఈ చివర కూర్చుని ఆలోచించి, ఒక ఉపాయం పన్నాడు.

"తమ్ముడూ, గోతిలోకి దిగే ముందు ఇలా రా. ఆ గీత మీద పొట్టు ఒకసారి ఊదు. నాకు ఊపిరి సరిపోవడం లేదు."

పొట్టు వంగి ఊదాడు. దూలం ఎదురుగా మొహం పెట్టి వాసన చూశాడు. ఉల్లిపాయ వాసన తప్ప ఏమీ లేదు. సంతోషించాడు.

"ఇప్పుడు నువ్వూ ఊదన్నా," అన్నాడు పొట్టు, ఎదురుగా మొహం పెట్టి. "రెండువైపుల నుంచీ ఊదితే గీత బాగా తేలుతుంది. మా పాత అడితిలో ఇదే పద్ధతి."

పని తెలిసినవాడు అనుకుని దూలం కూడా ఊదాడు. పొట్టు కళ్లు మూసుకుని తృప్తిగా తలూపాడు. అలా రోజూ పొద్దున ఇద్దరు మొగవాళ్లు దుంగకి చెరోవైపు మోకాళ్ల మీద కూర్చుని ఒకరి మొహం మీద ఒకరు పొట్టు ఊదుకోవడం మొదలైంది. చూసినవాళ్లు వరదకి మతి పోయిందనుకున్నారు.

పగలు పనిలో భయం లేదు. గండమల్లా పని దిగాక. సారా కొట్టు అడితికీ ఇళ్లకీ మధ్యలో ఉంది.

"ఎటు తమ్ముడూ?" అనేవాడు దూలం.

"ఎటూ లేదన్నా. నువ్వెటు?"

"నేనూ ఎటూ లేదు. పద, నిన్ను ఇంటి దాకా దింపుతాను."

"నన్నా? నేనే నిన్ను దింపుదామనుకుంటున్నాను."

దూలం పొట్టును ఇంటి దగ్గర దింపేవాడు. పొట్టు చెప్పులు కూడా విప్పకుండా, "ఒక్కడివే ఏం వెళ్తావులే" అని వెనకే వచ్చి దూలాన్ని అతని ఇంటి దగ్గర దింపేవాడు. అంతదూరం వచ్చినవాణ్ణి ఒంటరిగా ఎలా పంపడం? మళ్లీ దూలం బయలుదేరేవాడు. ఆ మొదటి నెలలో ఇద్దరివీ చెరి రెండు జతల చెప్పులు అరిగిపోయాయి. చివరికి కాళ్లు పీకి, పని దిగాక ఎక్కడికీ పోకుండా గోతిలోనే కూర్చుందామనుకున్నారు. గోతిలో చల్లగా ఉంటుంది. పైగా అందులోంచి సారా కొట్టు కనపడదు.

ఊరికే కూర్చుంటే ఊసుపోదు. వాణ్ణి మాటల్లో పెట్టి గుట్టు లాగితే ఎక్కడ దాస్తున్నాడో తెలుస్తుందని దూలం ఎత్తువేశాడు. ముందు తన దుంగ ప్రయాణం చెప్పాడు. పొట్టు పడీపడీ నవ్వి తనది చెప్పాడు.

"నేను ఒకసారి బాగా వేసుకుని పెళ్లికి వెళ్లానన్నా. అక్కడ అందరూ మంచి బట్టల్లో ఉన్నారు, ఎవరో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నాకేమో చావిల్లు అనిపించింది. పెళ్లికూతురి తండ్రిని గట్టిగా కావలించుకుని, 'ఇంత చిన్న వయసులో వెళ్లిపోయింది, బంగారం లాంటి పిల్ల' అని బావురుమన్నాను."

దూలం గోతిలో దొర్లి దొర్లి నవ్వాడు. "వాళ్లేం చేశారు?"

"నలుగురు మోసుకెళ్లి వీధిలో పడేశారు." పొట్టు కాసేపు కాలిగోటితో మట్టి గీరాడు. "ఆ తండ్రి మా అన్నే. ఆ పిల్ల నా ఒళ్లో పెరిగింది. ఇప్పటికీ నా మొహం చూడదు."

దూలం నవ్వడం ఆపి లేచి కూర్చున్నాడు. చెప్పడానికి లక్ష నీతులున్న నోరు ఆ రోజు పెగల్లేదు. వాడితో పాటు తనూ కాలిగోటితో మట్టి గీరాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే సారా కొట్టు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరూ చూసుకోలేదు.

తర్వాత కొన్నాళ్లకి దూలం అసలు సంగతి బయటపెట్టాడు. ఇది కూడా ఎత్తులో భాగమే అని తనకి తాను చెప్పుకున్నాడు.

"దుంగ కదిలినప్పుడు నాకు మెలకువ వచ్చింది, తమ్ముడూ. అందరికీ రాలేదని చెప్పాను. గట్టు మీద మా ఆవిడ తువ్వాలు ఊపుతూ పిలుస్తోంది. నీళ్లు నడుం లోతే. దిగి నడిచేయొచ్చు. దిగితే సీసా మునిగిపోతుంది. అందుకని పలకలేదు."

పొట్టు ఓదార్చలేదు, తిట్టలేదు. "సీసాలో ఎంత ఉంది?" అని మాత్రం అడిగాడు.

"రెండు గుటకలు."

"నేనైనా అంతే, అన్నా," అన్నాడు పొట్టు.

ఆ మాటకి దూలానికి ఎందుకో వీపు మీది నుంచి బరువు దించినట్టయింది.

ఇద్దరు తాగుబోతులు గోతిలో దిగి ఏం తాగుతున్నారో చూద్దామని ఒకరోజు బాకా వచ్చాడు. అతను బ్యాండు మేళంలో బాకా ఊదేవాడు. పెళ్లి ఊరేగింపులో తూలి డప్పువాడి మీద పడిన చరిత్ర ఉంది. గోతిలో సీసా లేదని తెలిసి నిరాశపడ్డాడు గానీ కబుర్లు బాగున్నాయని కూర్చున్నాడు. దూలం అతన్ని పక్కకి లాగి, "బాకా, రేపు నాకు పనుంది. ఆ పొట్టుగాడి మీద ఒక కన్నేసి ఉంచు. వాడికి మాత్రం చెప్పకు" అన్నాడు. గంట తిరక్కుండా పొట్టు అతన్ని ఇంకో పక్కకి లాగి, "బాకా, దూలం మీద ఒక కన్నేసి ఉంచు. ఆయనకి మాత్రం చెప్పకు" అన్నాడు. రెండు కళ్లూ రెండు వైపులా వేశాక బాకాకి తాగడానికి తీరిక లేకపోయింది. గోతిలో ఇద్దరి గుట్టూ తెలిసినవాడు అతనొక్కడే. బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు.

బాకా వెనకే మిషను అక్క వచ్చింది. బట్టలు కుట్టే అక్క. తన సరుకు మిషను నూనె డబ్బాలో దాచుకునేది. ఒకరోజు డబ్బాలు మారి, మిషనుకి సారా పోసి తను నూనె తాగింది. మిషను ఆగిపోయింది, అక్క ఆగలేదు. బాకా ఆవిణ్ణి రహస్యంగా దూలం మీదా పొట్టు మీదా కాపలా పెట్టాడు. ఆవిడ రహస్యంగా బాకా మీద కూడా కాపలా కాసింది. ఏడాది గడిచేసరికి గోతిలో తొమ్మిది మంది తేలారు. ప్రతివాళ్లూ మిగతా ఎనిమిది మందీ తాగుబోతులనీ, తను మాత్రం కాపలా మనిషననీ అనుకునేవాళ్లు. కొత్తవాళ్లు దిగేముందు గుప్పెడు పొట్టు తీసుకుని పక్కవాళ్ల మొహాన ఊదాలి. బాకా ఊదితే గోతిలో ఐదు నిమిషాలు ఎవరికీ ఎవరూ కనపడేవాళ్లు కాదు.

ఆ తర్వాతి ఏళ్లలో ఈ సంగతి ఊదుడు సంఘం అనే పేరుతో చాలా ఊళ్లు పాకింది. ముందు పడవవాళ్లు పట్టుకెళ్లారు. వాళ్ల ఊళ్లో అడితి లేదు, కాబట్టి ఇక్కడి నుంచి సంచిలో పొట్టు మోసుకెళ్లారు. ఇంకో ఊళ్లో టేకు పొట్టే ఊదాలని కొందరూ, ఏ పొట్టయినా ఒకటేనని కొందరూ రెండు పక్షాలై మూడు నెలలు మాటల్లేవు. ఆ మూడు నెలలూ ఎదుటి పక్షం ముందు పరువు పోతుందని ఎవరూ తాగలేదు. గోతిలో కూర్చుంటేనే పని జరుగుతుందని ఒకచోట బడి ఆవరణ తవ్వారు. పట్నంలో మూడో అంతస్తులో చేరేవాళ్లకి తవ్వడానికి వీల్లేక, నేల మీదే కూర్చుని గోతిలో ఉన్నట్టు తలలు పైకెత్తి మాట్లాడుకుంటారట. జూదగాళ్లు కూడా సంఘం పెట్టుకున్నారు. ముక్కుపొడి వాళ్లు పెట్టుకున్నది మాత్రం ఊదుడు దగ్గరే తుమ్ములతో ఆగిపోయింది. మనసులో దుమ్ము పోవడానికి గుర్తుగా పొట్టు ఊదుతారని ఒక చదువుకున్నాయన పుస్తకం వేశాడు. దాన్ని దూలానికి చదివి వినిపిస్తే, "నోటి వాసన కోసమయ్యా," అన్నాడు. ఆయన నమ్మలేదు.

అదంతా తర్వాతి మాట. ఇదంతా ఒక్క గ్లాసు సారాలో మునిగిపోబోయిన రోజు ఒకటి మధ్యలో ఉంది. ఏడాది నిండడానికి ఒక్కరోజు ముందు, ఆదివారం పొద్దున.

అందరూ గోతిలో చేరాక దూలం లేచి నిలబడ్డాడు. నిలబడితే నెత్తి గోతి పైకి తేలుతుంది కాబట్టి వంగి మాట్లాడాడు.

"రేపు మా ఆవిడ వస్తుంది. నా మనసు తేలికగా ఉంది. అందుకని తమ్ముడి దగ్గర ఒక గుట్టు విప్పేస్తాను. పొట్టూ, బాధపడకు. ఈ ఏడాదంతా నిన్ను నేను కాపలా కాశాను. అమ్మగారి ఉత్తర్వు. నువ్వు బాగుపడ్డావు, నాకంతే చాలు."

పొట్టు నోరు తెరిచాడు. పకాలున నవ్వాడు.

"నన్ను నువ్వా? అన్నా, నిన్ను నేను కాశాను! నువ్వు తాగి దొరికితే నా పని పోతుందని అమ్మగారు మొదటి రోజే చెప్పింది. ఊదన్నా, ఊదన్నా అని రోజూ ఎందుకు అడిగాననుకున్నావు?"

బాకా ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్కడ ఒక్క మబ్బు కూడా లేదు.

ఇద్దరూ బట్టలు కూడా దులుపుకోకుండా అమ్మగారి గది మీదికి పోయారు. ఆవిడ కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అవును. ఇద్దరికీ చెప్పాను. ఏం, తప్పా?"

"నన్ను కాపలావాణ్ణి అన్నారు!" అన్నాడు దూలం.

"కాశావుగా?"

"అంటే నేను… నన్నే అందరూ…"

"మా ఆయనకి మానమని చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉండేవాళ్లురా," అంది ఆవిడ మెల్లిగా. "ఒక మనిషిని ఆయన చేతిలో పెట్టి, వీణ్ణి చూసుకో అన్నవాళ్లు ఒక్కరూ లేరు. నాకూ తోచలేదు. ఇక వెళ్లండి."

దూలానికి ఆ మాట చెవికెక్కలేదు. ఏడాదిగా తను పొడుగు పెరిగానని అనుకున్న అంగుళం ఒక్కసారిగా తరిగిపోయింది. ఊళ్లో అందరూ తనని చూసి నవ్వుకునే ఉంటారు. కాపలా కాశానని మీసం దువ్వుకున్నవాడు మేకల్లో మేక అన్నమాట. కాళ్లు వాటంతట అవే దారి పట్టాయి. ఏడాదైనా ఆ దారి మరిచిపోలేదు.

సారా కొట్టువాడు అతన్ని చూసి బల్ల తుడిచాడు. "రావయ్యా రా! నీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోనివ్వలేదు తెలుసా!"

గ్లాసు వచ్చింది. దూలం దాని మీద చెయ్యి వేసేసరికి ఎదురు కుర్చీ కిర్రుమంది. పొట్టు కూర్చున్నాడు. "నాకూ ఒకటి," అన్నాడు.

రెండు గ్లాసులూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

"తాగు," అన్నాడు దూలం.

"ముందు నువ్వు తాగన్నా. నువ్వు తాగితే తాగుబోతువి నువ్వేనని తేలిపోతుంది."

"నువ్వు తాగుబోతువని అమ్మగారు నాకు ముందు చెప్పింది."

"నీకు ముందు చెప్పిందంటే నువ్వు నాకన్నా పాత తాగుబోతువన్నమాట."

"గ్లాసు మీద నుంచి చెయ్యి తియ్యి. వణుకుతోంది."

"నాది కాదు, నీది. బల్ల అటువైపే ఊగుతోంది."

గంట గడిచింది. పొట్టు గ్లాసులో ఈగ పడింది. కొట్టువాడు కొత్తది పోస్తానంటే పొట్టు ఒప్పుకోలేదు. "అన్న మొదలుపెట్టాక" అన్నాడు. కిటికీ ఊచల మధ్య బాకా ముక్కూ, దాని కింద మిషను అక్క ముక్కూ కనపడ్డాయి. దూలానికి సారా వాసన సూటిగా కడుపులోకి దిగుతోంది. నోట్లో నీళ్లూరాయి. ఒక్క గుటక. రేపు ఆవిడ రాదు, అంతే కదా. ఆవిడకి ఏడవడం ఎలాగూ అయిపోయింది. ఎదురుగా ఉన్న గుండ్రటి మొహం కేసి చూశాడు. చెమటలో పొట్టు చారలు కట్టింది. వాడి కళ్లు గ్లాసు మీద లేవు. దూలం చేతి మీద ఉన్నాయి.

"తమ్ముడూ."

"ఊఁ."

"అమ్మగారి ఉత్తర్వు పొద్దునే అయిపోయింది. ఇక నేను తాగినా నీ పని పోదు."

"పోదు."

"మరి ఇవాళ నన్ను కాపలా కాయమని నీకు ఎవరు చెప్పారు?"

పొట్టు ఆలోచించాడు.

"ఎవరూ చెప్పలేదన్నా," అన్నాడు. తర్వాత ఏదో తప్పు చేసినవాడిలా, "అలవాటైపోయింది," అన్నాడు.

దూలం తన గ్లాసు మీద నుంచి చెయ్యి తీశాడు. తీసి చూసుకుంటే, తన రెండో చెయ్యి ఎప్పటి నుంచో పొట్టు గ్లాసుకి అడ్డంగా ఉంది. అది అక్కడికి ఎప్పుడు వెళ్లిందో అతనికి తెలియదు.

కొట్టువాడు గంట కొట్టాడు. "మధ్యాహ్నం మూసే వేళైంది. తాగుతారా, లేస్తారా?"

ఇద్దరూ ఒకేసారి లేచారు. కిటికీ బయట బాకా ఊపిరి వదిలితే అది పెళ్లి మేళంలా వినపడింది.

కొట్లోంచి వచ్చాడన్న కబురు దూలం కన్నా ముందే రెండు వీధులూ దాటింది. బావమరిది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "ఏం బావా, ఇంకొక్క రోజు ఆగలేకపోయావా?" అన్నాడు. వెనక నుంచి ఆవిడ అన్నను పక్కకి నెట్టి బయటికి వచ్చింది. ఏడాది తర్వాత అంత దగ్గరగా చూడడం. దూలం మొహం దించుకున్నాడు.

ఆవిడ అతని చొక్కా మీది నుంచి చిటికెడు పొట్టు తీసింది. అతని అరచెయ్యి లాగి అందులో పోసింది. మొహం ముందుకు పెట్టింది.

"ఊదు."

ఊదాడు. ఆవిడ కనుబొమల నిండా పొట్టు పడింది. తుడుచుకోలేదు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు దూలం. "ఆ రోజు నువ్వు పిలిచావు. నాకు వినపడింది."

"తెలుసు," అంది ఆవిడ. "తల తిప్పి నా వైపు చూశావు. మళ్లీ అటు తిరిగిపోయావు. ఏడిచింది అందుకే. పోయావని కాదు."

వీధిలో సైకిలు ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఎలాగూ గుట్లు విప్పుకునే రోజులా ఉంది కాబట్టి చెప్తున్నాను," అంది ఆవిడ. "అమ్మగారికి ఆ ఉపాయం చెప్పింది నేనే. ఈయనకి ఎవరైనా చెప్తే వినడు, ఎవరికైనా చెప్పమంటే మాత్రం తిండి కూడా గుర్తుండదు, ఒక మనిషిని అప్పగించి చూడండి అన్నాను. ఇంకొకడు దొరకాలి కదా అన్నారు ఆవిడ. మన ఊళ్లో దానికి కరువా అన్నాను."

దూలం కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. "అయితే పద, పెట్టె ఇలా ఇయ్యి," అన్నాడు.

"రేపు. ఏడాది అన్నాను. ఏడాదికి ఇంకా ఒక రోజుంది. నీ మీద నమ్మకం ఉంది గానీ అంత తొందర లేదు."

బావమరిది నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున దూలం ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని రెండు వీధులూ నడిచి ఇంట్లో దించాడు. ఆవిడ వెనకే వచ్చి, ఏడాదిగా ఎవరూ ఊడవని మూలలు చూసి తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు కాసేపు హాయిగా విని, అతను అడితికి వెళ్లాడు. కొత్త దుంగ గోతి మీద ఎక్కించి ఉంది. మసి తాడు లాగి కొట్టాడు. గీత తిన్నగా పడింది. తర్వాత రంపం పైపిడి పొట్టు చేతిలో పెట్టి, తను గోతిలోకి దిగిపోయాడు.

"అదేంటన్నా! అది నా చోటు. నాకు గీత పట్టడం రాదు!"

"వస్తుందిలే."

"తప్పుతుందన్నా. కింద నుంచి నీకు గీత కనపడుతుందా?"

"కనపడదు," అన్నాడు దూలం. "నువ్వే చెప్పాలి. నేను వింటాను."

పొట్టు భయపడుతూ రంపం దించాడు. రెండు ఆటలు ఆడిందో లేదో గోతిలోకి పొట్టు వానలా పడింది. కళ్లలో, చెవుల్లో, చొక్కా లోపల. ఏడాదంతా వీడు దీని కింద నిలబడే నవ్వుతున్నాడా అని దూలం మొదటిసారి అనుకున్నాడు.

"గీత కనపడటం లేదన్నా!" అన్నాడు పైనుంచి.

"అయితే ఊదు, తమ్ముడూ."

పొట్టు వంగి ఊదాడు. కింద దూలం కళ్లు మూసుకుని, మొహం పైకెత్తి, వాసన చూశాడు. ఉల్లిపాయ వాసనే.

"సరే," అన్నాడు. "లాగు."